రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి న్యాయమైన నష్టపరిహారం: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప ప్రాంతాల్లో రోడ్డు ప్రమాదానికి గురై, కాలో చెయ్యో విరిగి, నెలల తరబడి పనికి దూరమైనవారూ వారి కుటుంబసభ్యులూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ప్రాణం పోయిన కేసుల్లో లెక్క వేరుగా ఉంటుంది కనుక ఇవి గాయాల కేసులకే పరిమితం. ఇక్కడ చెప్పినవి మోటారు వాహనాల చట్టం, 1988, దానికి 2019లో వచ్చిన సవరణల ప్రకారం చెప్పినవి.

ప్రమాదం జరిగిన మొదటి రోజుల్లో వైద్యం తప్ప మరో ఆలోచన రాదు. ఆ సమయంలో కూడా మరచిపోకూడనివి ఏమిటి?

వైద్యమే ముందు. అయితే ఆసుపత్రిలో చేర్చేటప్పుడు చెప్పే ఒక్క మాట తర్వాత కేసంతటినీ నడిపిస్తుంది. పోలీసుల గొడవ ఎందుకన్న భయంతో బంధువులు చాలామంది "బండి మీద నుంచి జారి పడ్డాడు" అని చెబుతారు, డ్యూటీ డాక్టరు అదే రాసుకుంటారు. రెండేళ్ల తర్వాత బీమా కంపెనీ వకీలు ఆ కేస్ షీటునే కోర్టులో చూపించి, "ఏ లారీ గుద్దలేదు, తనంతట తానే పడ్డాడని మొదటి రోజే చెప్పారు" అని వాదిస్తారు. అందుచేత ఏ వాహనం, ఏ వైపు నుంచి వచ్చి, ఎక్కడ గుద్దిందో ఉన్నది ఉన్నట్టుగా చెప్పి, మెడికో లీగల్ కేసుగా (ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదు చేయమని అడగాలి. నంబరు తెలిస్తే అదీ చెప్పాలి.

ప్రమాదం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, మీకు దగ్గరలో ఉన్న స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. ఫిర్యాదుదారుకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన క్లెయిము పోదు గానీ, ఆలస్యానికి కారణం (ఆపరేషన్ జరుగుతోందనో, ఇంట్లో మరెవరూ లేరనో) ఫిర్యాదులోనే రాయించడం మంచిది.

చికిత్స ఖర్చు విషయంలో, 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, గరిష్ఠంగా 1.5 లక్షల రూపాయల దాకా నగదు రహిత చికిత్స లభిస్తుంది. ఇది పథకంలో నమోదైన ఆసుపత్రులకు వర్తిస్తుంది. చేర్చేటప్పుడే అడగండి.

వాహన యజమాని స్టేషన్ దగ్గర పంచాయితీ పెట్టి, ఆసుపత్రి ఖర్చు ఇస్తాను, కేసు వద్దంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

మా వైపు నష్టపరిహారం కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పెద్దమనుషులు కూర్చుంటారు, యాభై వేలో లక్షో చేతిలో పెడతారు, తెల్ల కాగితం మీద సంతకం తీసుకుంటారు. అప్పటికి కాలికి కట్టు కూడా విప్పి ఉండరు. ఎముక సరిగ్గా అతుకుతుందో లేదో, రెండో ఆపరేషన్ అవసరమో కాదో, ఆ మనిషి మళ్లీ పాత పని చేయగలడో లేడో ఎవరికీ తెలియని రోజున ఆ గాయానికి ధర కట్టడం న్యాయం కాదు. యజమాని మంచి మనసుతో చికిత్సకు సాయం చేస్తే తీసుకోండి. దానికి రసీదు ఇవ్వండి, అందులో చికిత్స ఖర్చు కోసమేనని రాయండి. ఖాళీ కాగితం మీద గానీ, "ఇకపై ఏ క్లెయిమూ చేయను" అన్న రాత మీద గానీ సంతకం పెట్టకండి.

యజమానికి కూడా ఒక మాట చెప్పవచ్చు. బండికి బీమా ఉండి, పాలసీ షరతులు తప్పకపోతే పరిహారం చెల్లించేది బీమా కంపెనీయే, ఆయన జేబు నుంచి పోయేదేమీ ఉండదు. ఇది తెలియకనే చాలామంది యజమానులు రాజీ కోసం పట్టుబడతారు.

పోలీసులు కేసు పెట్టారు కదా. మళ్లీ వేరే కేసు ఎందుకు?

పోలీసు కేసు డ్రైవరుకు శిక్ష పడటానికి. మీకు డబ్బు వచ్చేది మోటారు ప్రమాదాల నష్టపరిహార ట్రిబ్యునల్ నుంచి. మన జిల్లాల్లో జిల్లా న్యాయమూర్తి, అదనపు జిల్లా న్యాయమూర్తులే ఆ ట్రిబ్యునల్‌గా కూర్చుంటారు. అక్కడ వేసే దరఖాస్తును కోర్టు వాడుకలో ఎంవీఓపీ (మోటార్ వెహికల్ ఒరిజినల్ పిటిషన్) అంటారు.

రెండింటికీ రుజువు స్థాయి ఒకటి కాదు. క్రిమినల్ కేసులో అనుమానానికి తావు లేకుండా నిరూపించాలి. ట్రిబ్యునల్ ముందు డ్రైవరు నిర్లక్ష్యం వల్లే ప్రమాదం జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందని చూపితే చాలు. అందువల్ల సాక్షులు ఎదురు తిరిగి డ్రైవరు మీద కేసు కొట్టివేసినా మీ పరిహారం దానితోనే పోదు.

పోలీసులు దర్యాప్తులో భాగంగా ప్రమాద సమాచార నివేదికను మూడు నెలల్లోగా ట్రిబ్యునల్‌కు పంపాలని చట్టంలోని 159వ సెక్షన్ చెబుతోంది. ఆ నివేదికనే పరిహార దరఖాస్తుగా ట్రిబ్యునల్ స్వీకరించవచ్చు. కానీ దాని మీదే భరోసా పెట్టుకుని కూర్చోకండి. మీ ఆదాయం, మీ పని, మీ వైకల్యం గురించి మీ అంత వివరంగా స్టేషన్ రైటరు రాయరు. మీ దరఖాస్తు మీరు వేసుకోవడమే క్షేమం.

దరఖాస్తు ఎక్కడ వేయాలి? గడువు ఎంత?

ప్రమాదం జరిగిన చోట, మీరు నివసించే లేదా వ్యాపారం చేసే చోట, ఎదుటివారు నివసించే చోట, ఈ మూడింటిలో ఏ ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనైనా వేయవచ్చు. ఎంపిక మీదే. కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి సుగ్గికి వెళ్లినవారు అక్కడ ప్రమాదానికి గురైతే, ప్రతి వాయిదాకూ గుంటూరు వెళ్లనక్కరలేదు. తమ ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే వేసుకోవచ్చు. 44వ జాతీయ రహదారి మీద వేరే రాష్ట్రపు లారీ గుద్దినా ఇదే వర్తిస్తుంది.

గడువు విషయంలో జాగ్రత్త అవసరం. ఒకప్పుడు గడువు లేదు. 2019 సవరణ ద్వారా వచ్చిన 166(3) సెక్షన్ ప్రకారం, 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు వేయాలి. ఈ నిబంధన చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు దాఖలయ్యాయి కాబట్టి ఆరు నెలలు దాటినవారు ఆశ వదులుకోకుండా వకీలును సంప్రదించాలి. దాటనివారు మాత్రం ఆ సవాళ్లను నమ్ముకుని ఆగవద్దు. చికిత్స ఇంకా సాగుతున్నా దరఖాస్తు వేసి, వైకల్య ధ్రువీకరణ వంటి కాగితాలను తర్వాత దాఖలు చేయవచ్చు.

పరిహారంలో ఏమేమి కలుస్తాయి?

ఆసుపత్రి బిల్లులొక్కటే పరిహారం అనుకునేవారు చాలామంది. అవి అందులో ఒక భాగం మాత్రమే. చికిత్స, మందులు, ఊరి నుంచి ఆసుపత్రికి తిరిగిన ప్రయాణ ఖర్చు, పుష్టికరమైన ఆహారం, తోడుగా ఉన్నవారి ఖర్చు ఒక వైపు ఉంటాయి. పనికి పోలేని నెలల ఆదాయం, శాశ్వత వైకల్యం వల్ల భవిష్యత్తులో కోల్పోయే సంపాదన, ఎముకకు వేసిన ప్లేటు తీయించడం వంటి రాబోయే చికిత్స ఖర్చు ఇంకో వైపు. వీటికి తోడు బాధకూ వేదనకూ, జీవితంలో కోల్పోయిన సుఖాలకూ, యువతీయువకుల విషయంలో పెళ్లి అవకాశాలు తగ్గినందుకూ విడిగా మొత్తం ఇస్తారు.

తోడు ఉన్నది భార్యో తల్లో అయితే "ఇంటివాళ్లే కదా" అని ఆ పద్దును వదిలేస్తుంటారు. వదిలేయకండి. ఆమె తన కూలి మానుకుని మూడు నెలలు మంచం పక్కన కూర్చుంది, దానికి విలువ ఉంది. తీవ్ర గాయాలతో జీవితాంతం ఒకరి మీద ఆధారపడాల్సి వస్తే, ఆ సాయానికయ్యే ఖర్చును కూడా వయసును బట్టి గుణకం (ఏడాది మొత్తాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె) వేసి లెక్కించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

అడిగిన దానికంటే ఎక్కువ ఇవ్వకూడదన్న నియమం కూడా లేదు. సాక్ష్యం ఉంటే, దరఖాస్తులో కోరిన మొత్తం కంటే ఎక్కువైనా న్యాయమైన పరిహారాన్ని ట్రిబ్యునల్ ఇవ్వవచ్చు.

డాక్టరు 20 శాతం వైకల్యం అని రాశారు. నా సంపాదనలో 20 శాతమే పోయినట్టా?

కాదు. గాయాల కేసుల్లో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే.

డాక్టరు కొలిచేది శరీరాన్ని. మోకాలు ఎంత వంగుతోంది, కాలు ఎంత పొట్టి అయింది అన్నది ఆయన లెక్క. ఆ వైకల్యం ఆ మనిషి చేసే పని మీద ఎంత ప్రభావం చూపిందో తేల్చవలసింది ట్రిబ్యునల్. 2010లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా విడమరచి చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో దాదాపు జీవనాధారమే పోతుంది. అదే గుమస్తా అయితే ఉద్యోగంలో కొనసాగగలడు. శరీరంలో నష్టం ఒకటే అయినా సంపాదనలో నష్టం ఒకటి కాదు.

మన ప్రాంతపు పనుల్లో చూడండి. ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీర నేసే వ్యక్తికి చీలమండ విరిగి బిగుసుకుపోయిందనుకుందాం. చేతులు బాగానే ఉన్నాయి కదా అని చూసేవారు అంటారు. కానీ గుంతలో కాళ్లు పెట్టి చెక్కలు తొక్కనిదే మగ్గం ఆడదు. తాడిపత్రి, బేతంచర్ల వైపు బండల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి వెన్ను దెబ్బతింటే బండ ఎత్తలేడు. తాపీ మేస్త్రీకి మోకాలు వంగకపోతే గొంతుకూర్చోలేడు, సారవ ఎక్కలేడు. ఇలా ఏ కదలిక లేకపోతే ఏ పని ఆగిపోతుందో సాక్ష్యంలో చెప్పించాలి. బాధితుడి చేత, తోటి పనివాడి చేత, డాక్టరు చేత చెప్పించాలి. "పని చేయలేకపోతున్నాను" అన్న ఒక్క వాక్యంతో సాక్ష్యం ముగిస్తే ట్రిబ్యునల్‌కు పట్టు దొరకదు.

తేడా ఎంత ఉంటుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో లెక్క వేద్దాం. 34 ఏళ్ల తాపీ మేస్త్రీ, నెలకు 15,000 రూపాయల సంపాదన. 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన ప్రకారం, స్వయంగా పని చేసుకునేవారికి 40 ఏళ్ల లోపు వయసులో భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి. అంటే నెలకు 21,000, ఏడాదికి 2,52,000. 31 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుకు గుణకం 16. మొత్తం 40,32,000. వైకల్యాన్ని సర్టిఫికెట్‌లో ఉన్న 20 శాతంగానే తీసుకుంటే భవిష్యత్ సంపాదన నష్టం 8,06,400 రూపాయలు. అతని పనిని బట్టి అసలు నష్టం 40 శాతమని రుజువైతే 16,12,800. అదే ఆదాయాన్ని 9,000గా తీసుకుని, పెరుగుదల కలిపి, వైకల్యాన్ని 20 శాతం దగ్గరే ఆపేస్తే 4,83,840. మనిషి ఒకడే, విరిగిన కాలు ఒకటే. గాయాల కేసుల్లో సొంత ఖర్చుల కింద మూడో వంతు కోయడం కూడా ఉండదు, ఆ కోత మరణాల కేసులకే.

వయసును బట్టి గుణకం మారుతుంది. 15 నుంచి 25 ఏళ్ల వరకు 18, ఆ తర్వాత 30 వరకు 17, 35 వరకు 16, 40 వరకు 15, 45 వరకు 14, 50 వరకు 13, 55 వరకు 11, 60 వరకు 9, 65 వరకు 7, ఆపైన 5.

సర్టిఫికెట్ విషయంలో ఇంకో హెచ్చరిక. పింఛను కోసం తీసుకున్న సదరం (ప్రభుత్వ వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌ను మాత్రమే దాఖలు చేసి ఊరుకుంటే ఎదుటి పక్షం దాన్ని ప్రశ్నిస్తుంది. చికిత్స చేసిన డాక్టరును గానీ మెడికల్ బోర్డు సభ్యుడిని గానీ సాక్షిగా పిలిపించాలి. ఆయన చెప్పే శాతం ఒక కాలికి సంబంధించినదా, మొత్తం శరీరానికి సంబంధించినదా అన్నది కూడా అడిగి రాయించాలి. ఎప్పుడూ చికిత్స చేయని డాక్టరు ఎవరో పెద్ద శాతం వేసి ఇచ్చే సర్టిఫికెట్ల జోలికి పోకండి. అవి నిజమైన గాయాన్ని కూడా అనుమానంలో పడేస్తాయి.

కూలి పనికి జీతం స్లిప్పు ఉండదు. ఆదాయం ఎలా చూపాలి?

స్లిప్పు లేకపోతే ఆదాయమే లేదనడానికి వీల్లేదు. అసంఘటిత రంగపు కూలీ నుంచి రాతపూర్వక రుజువు ఆశించడం తగదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. అయినా దొరికినంత చూపడం మీకే మేలు. భవన నిర్మాణ కార్మికుల కార్డు, ఈ-శ్రమ్ కార్డు, పని ఇచ్చిన మేస్త్రీ సాక్ష్యం, కూలి జమ అయిన బ్యాంకు ఖాతా, ఫోన్‌పేలో వచ్చిన చెల్లింపులు పనికొస్తాయి. రైతు అయితే పాసుపుస్తకం, ఆదోని పత్తి మార్కెట్‌లోనో కర్నూలు ఉల్లి మార్కెట్‌లోనో సరుకు అమ్మిన పట్టీలు. ఏదీ లేనప్పుడు కనీస వేతనాల ఉత్తర్వుల్లో ఆ పనికి ఉన్న రేటునైనా ఆధారంగా తీసుకోమని కోరాలి. ఇంటి పని చేసుకునే స్త్రీల శ్రమకు కూడా ఆదాయంగా విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది.

ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా ఆపరేషన్ జరిగింది. బిల్లులు లేవు. క్లెయిము తగ్గిపోతుందా?

మీరు చెల్లించని ఆపరేషన్ ఖర్చును అడగలేరు, అంతే. ఆరోగ్యశ్రీలోనైనా, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉన్న పథకంలోనైనా, కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా చికిత్స ఉచితంగా జరిగినందువల్ల మీ నొప్పి గానీ, వైకల్యం గానీ, పోయిన సంపాదన గానీ తగ్గవు. ఆ పద్దులన్నీ అలాగే ఉంటాయి. బయట కొన్న మందులు, స్కానింగులు, ప్రయాణం కూడా అడగవచ్చు. డిశ్చార్జి సమ్మరీ, కేస్ షీటు, ఎక్స్‌రేలు జాగ్రత్త చేయండి. ఎక్స్‌రే ఫిల్ములు ఇంటి ఎండకూ వేడికీ పాడవుతాయి కాబట్టి ఫోటో తీసి పెట్టుకోండి.

హెల్మెట్ లేదు, బండి మీద ముగ్గురం ఉన్నాం, లైసెన్సు కూడా లేదు. పరిహారం వస్తుందా?

ఇవి తప్పులే, వాటికి జరిమానా ఉంది. అయితే ఆ తప్పు వల్లే ప్రమాదం జరిగిందనో, గాయం పెరిగిందనో ఎదుటి పక్షం చూపగలిగితేనే పరిహారంలో కోత ఉంటుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు హెల్మెట్ లేకపోవడం లెక్కలోకి రావచ్చు. కాలు విరిగినవాడికి హెల్మెట్ లేదని కోత పెట్టడానికి ఆధారం ఉండదు. ముగ్గురు ప్రయాణించినంత మాత్రాన నిర్లక్ష్యం కాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్సు లేకపోవడం విషయంలోనూ అదే తర్కం.

గుద్దిన వాహనపు డ్రైవరుకు లైసెన్సు లేకపోతే, బీమా కంపెనీ ముందు మీకు చెల్లించి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమని కోర్టులు సాధారణంగా ఆదేశిస్తాయి.

ట్రాక్టరు ట్రాలీలో కూలీకి వెళ్తుండగా బోల్తా పడింది. బీమా వర్తిస్తుందా?

ఈ ప్రశ్నకు ఊరట కలిగించే సమాధానం ఇవ్వలేకపోవడం బాధగా ఉంది. ట్రాక్టరు ట్రాలీలూ సరుకు రవాణా ఆటోలూ మనుషులను ఎక్కించుకోవడానికి ఉద్దేశించినవి కావు. వాటిలో ఊరికే ప్రయాణించినవారికి చెల్లించాల్సిన బాధ్యత తమది కాదని బీమా కంపెనీలు వాదిస్తాయి, తరచుగా నెగ్గుతాయి కూడా. అప్పుడు యజమాని ఒక్కడే బాధ్యుడవుతాడు. అతనికి ఆస్తి లేకపోతే తీర్పు కాగితం మీదే ఉండిపోతుంది.

అయినా చూడవలసిన దారులు ఉన్నాయి. వేరే లారీయో బస్సో వచ్చి ట్రాక్టరును గుద్దితే, ట్రాలీలో ఉన్నవారు ఆ వాహనపు బీమా నుంచి పూర్తిగా పరిహారం కోరవచ్చు. ఇద్దరు డ్రైవర్ల తప్పూ ఉన్నా, ప్రయాణికుడు ఎవరో ఒకరి నుంచి మొత్తం రాబట్టుకోవచ్చు. గాయపడిన వ్యక్తి సరుకు యజమానిగా సరుకుతో పాటు ప్రయాణిస్తున్నాడా, ఎత్తుడు దించుడు కోసం బండి యజమాని పెట్టుకున్న హమాలీయా అన్నదాన్ని బట్టి బీమా బాధ్యత మారుతుంది. పనిలో ఉండగా గాయపడినవారికి కార్మిక శాఖ ద్వారా ఉద్యోగి పరిహారం కోరే మార్గం కూడా ఉంది. అయితే రెండు చోట్లా తీసుకోవడం కుదరదు, ఒకదాన్ని ఎంచుకోవాలి. అందుకే పాలసీ నకలు చేతికి వచ్చాకే ఏ దారిలో వెళ్లాలో నిర్ణయించుకోండి.

గుద్దిన బండి ఆపకుండా వెళ్లిపోయింది. నంబరు తెలియదు.

చట్టంలోని 161వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షల రూపాయలు ఇస్తారు. దీనికి కోర్టుకు వెళ్లనక్కరలేదు. రెవెన్యూ డివిజన్ అధికారి లేదా తహసీల్దారు హోదాలో ఉన్న క్లెయిమ్ విచారణాధికారికి దరఖాస్తు ఇవ్వాలి. ఆ మొత్తం చిన్నదే. అంతమాత్రాన బీమా ఉన్న వేరే బండిని ఇరికించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది నేరం, దర్యాప్తులో బయటపడితే బాధితుడే ముద్దాయి అవుతాడు. టోల్‌గేటు, పెట్రోలు బంకు, దాబాల కెమెరాల్లో దృశ్యాలు చెరిగిపోక ముందే సేకరించమని పోలీసులను లిఖితపూర్వకంగా కోరండి.

బీమా కంపెనీ ఒక మొత్తం ఇస్తామంటోంది. తీసుకోవాలా, తీర్పు దాకా ఆగాలా?

ముందుగా అది ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో అడగండి. 164వ సెక్షన్ కింద, ఎవరి తప్పన్నది నిరూపించకుండానే తీవ్ర గాయానికి 2.5 లక్షలు వస్తాయి. కానీ ఆ మొత్తాన్ని అంగీకరిస్తే ట్రిబ్యునల్‌లోని మీ దరఖాస్తు రద్దవుతుంది. పైన లెక్క వేసిన మేస్త్రీ తొందరపడి దానికి ఒప్పుకుంటే ఎంత కోల్పోతాడో చూడండి. చిన్న గాయమై, తప్పు ఎవరిదో తేల్చడం కష్టమైన కేసులో మాత్రం అదే మంచి దారి కావచ్చు.

లోక్ అదాలత్‌లో రాజీ పడితే డబ్బు త్వరగా వస్తుంది, అయితే ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. వెళ్లే ముందు మీ కేసుకు పైన చెప్పిన పద్ధతిలో లెక్క కట్టించుకోండి. ఏళ్ల జాప్యం తప్పుతుంది కనుక కొంత తగ్గడం సహజమే. సగానికి సగం తగ్గించమంటే లేచి రావడానికి మీకు పూర్తి హక్కు ఉంది, అక్కడ ఎవరూ బలవంతపెట్టకూడదు.

వకీలుకు ఎంత ఇవ్వాలి? వచ్చిన దానిలో వాటా అడుగుతున్నారు.

వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలకు విరుద్ధం. ఫీజు ముందే మాట్లాడుకుని, కాగితం మీద రాయించుకోండి. ఆసుపత్రి వార్డుల్లో తిరుగుతూ వకాల్తా మీద సంతకాలు తీసుకునే దళారులకు దూరంగా ఉండండి. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, ఆదాయ పరిమితికి లోబడినవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును పొందవచ్చు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లా కోర్టుల ప్రాంగణాల్లో ఆ కార్యాలయాలు ఉన్నాయి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

తీర్పు వచ్చింది. డబ్బు ఎప్పుడు, ఎలా వస్తుంది?

తీర్పు వచ్చిన 30 రోజుల్లోగా చెల్లించాల్సినవారు జమ చేయాలి. చేయకపోతే ట్రిబ్యునల్ ఇచ్చే ధ్రువపత్రంతో కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు చేయించవచ్చు. దరఖాస్తు వేసిన తేదీ నుంచి వడ్డీ కలుస్తుంది, అది సాధారణంగా ఏడాదికి 6 నుంచి 9 శాతం మధ్య ఉంటుంది.

మొత్తం తక్కువని అనిపిస్తే 90 రోజుల్లోగా హైకోర్టులో అప్పీలు చేయవచ్చు. వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయల లోపు అయితే అప్పీలు ఉండదు. బీమా కంపెనీ అప్పీలుకు వెళ్లినా ముందు కొంత సొమ్ము జమ చేయాల్సి ఉంటుంది, దాన్ని తీసుకోవడానికి అనుమతి కోరవచ్చు.

పెద్ద మొత్తాల్లో కొంత భాగాన్ని ట్రిబ్యునల్ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచమంటుంది. ప్లేటు తీయించడానికో, పిల్లల చదువుకో, మళ్లీ నిలదొక్కుకోవడానికి చిన్న అంగడి పెట్టుకోవడానికో గడువుకు ముందే డబ్బు అవసరమైతే, కారణం చూపే కాగితాలు జతచేసి అదే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా, కాలేజీ ఫీజు పత్రం వంటివి జతపరిస్తే అనుమతి దొరకడం సులువవుతుంది. డబ్బు బాధితుడి పేరు మీద ఉన్న ఖాతాలోకే రావాలి. పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సంతకం చేసిన చెక్కులు ఎవరి చేతికీ ఇవ్వకండి.